ఫిరోజా రాళ్ల దేశం నుంచి

శాంటా ఫే, న్యూ మెక్సికో

తమ్ముడూ,

ఈ ఊరి నడిమధ్యన 1610లో కట్టిన గవర్నర్ల భవనం ఉంది. దాని పొడవాటి వసారాలో రోజూ నవాహో, ప్యూబ్లో ఆదివాసీ తెగల పనివాళ్లు గోడకు ఆనుకుని కూర్చుని, ముందు దుప్పటి పరిచి, చేసిన నగలు అమ్ముకుంటారు. జనం ఎక్కువైతే పొద్దున్నే చీటీలు తీసి చోటు పంచుకుంటారు. చేసినవాళ్ల గుర్తు కొట్టని వస్తువు అక్కడ పెట్టకూడదు.

ఒకావిడ ఉంగరం నా చేతికిచ్చింది. చిక్కుడు గింజంత ఫిరోజా, దాని నిండా సన్నని గోధుమరంగు నరాలు. వెండిపనివాడివి, నువ్వు ముందు చూసేది రాయి కట్టే కదా, నేనూ అదే చూశాను. అడుగు రేకు 925 వెండి, రాయి చుట్టూ కట్టు మాత్రం మేలిమి వెండి. మెత్తన కాబట్టి నొక్కితే రాయిమీదికి ఒరుగుతుంది. ఫిరోజా సున్నితమైనది, కాఠిన్యం 5, 6 దాటదు, వేడి తగిలితే రంగు చెడుతుంది. అందుకే టంకం పనంతా అయ్యాకే రాయి పొదుగుతారు. పాత పనివాళ్లు రాయి కింద రంపపు పొట్టు పరిచేవాళ్లట, దెబ్బ తగిలినా చిట్లకుండా. ఈ మాట విని నువ్వే గుర్తొచ్చావు.

జూని

గాలప్ ఊరి నుంచి దక్షిణంగా జూని తెగవాళ్ల ఊరికి వచ్చాం. ఇక్కడ ఫొటోలకు ముందే అనుమతి తీసుకోవాలి, అందుకే మాటల్లోనే చెబుతున్నా.

నవాహోలు మెక్సికో పనివాళ్ల దగ్గర వెండిపని నేర్చుకున్నారు. 1870ల్లో నవాహోల దగ్గర జూనివాళ్లు నేర్చుకున్నారు. కానీ రాయి కోయడం జూనివాళ్లకు తరతరాల విద్య. ఆ తేడా ఇప్పటి నగలో కూడా కనిపిస్తుంది. నవాహో నగలో వెండి బరువుగా, ధీమాగా ఉంటుంది. జూని నగలో వెండి సన్నని గోడలుగా మారి రాళ్లకు దారిస్తుంది. రేకు మీద ఆ గోడలు అతికి, ఒక్కో గదికి సరిపడా ఫిరోజా, పగడం, ముత్యపు చిప్ప, నల్లటి జెట్ ముక్కలు అరగదీసి కూర్చి, చివరకు అంతా ఒకే మట్టానికి సానబెడతారు. సూర్యుడి ముఖం పొదిగిన బిళ్ల మీద వేలు పెట్టి రాశాను. రాయి ఎక్కడ ఆగిందో, వెండి ఎక్కడ మొదలైందో తెలియలేదు. మన కరీంనగర్ ఫిలిగ్రీలో తీగే సర్వస్వం; ఇక్కడ వెండి పక్కకు తప్పుకుంటుంది. నా మటుకు నాకు ఈ ప్రయాణంలో చూసినవాటిలో ఇదే గొప్ప పని.

ఫీనిక్స్, అరిజోనా

హర్డ్ మ్యూజియంకు వెళ్లాం. హోపీ తెగ కళాకారుడు చార్లెస్ లొలోమా (1921–1991) నగల పనికి కొత్త దారి చూపించాడు. రాళ్లను చదునుగా పొదగకుండా, హెచ్చుతగ్గుల ఎత్తుల్లో నిలబెట్టాడు. కొన్ని కడియాల లోపలివైపు కూడా రాళ్లు పొదిగాడు. అవి తొడుక్కున్నవాళ్ల చర్మానికే తగులుతాయి, బయటివాళ్లకు కనిపించవు. ఎవరూ చూడని చోట అంత శ్రద్ధ పెట్టడం నన్ను కదిలించింది.

నకిలీల బెడద ఇక్కడా ఉంది. రాతిపొడిని జిగురుతో అచ్చుపోసి అసలు రాయి పేరుతో అమ్ముతారు, పరాయి దేశపు సరుకును తెగలవాళ్ల చేతిపని అంటారు. అరిజోనాలోని స్లీపింగ్ బ్యూటీ గనిలో 2012లో ఫిరోజా తవ్వకం ఆగిపోయాక మచ్చలేని నీలిరాయి మరింత ప్రియమైంది. తెగలవాళ్లు చేయనిదాన్ని వాళ్లు చేసినట్టు అమ్మితే 1990 నాటి అమెరికా చట్టం ప్రకారం ఐదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా.

మన ఫిలిగ్రీకి భౌగోళిక గుర్తింపు ఉంది, సంతోషమే. కానీ అది ఊరి పేరు. నాన్న చేసిన భరిణెల మీద నాన్న పేరు ఎక్కడా లేదు, నీ పని మీద నీదీ లేదు. తమ్ముడూ, రేపటి నుంచి చేసే ప్రతి వస్తువు అడుగున నీ ముద్ర కొట్టు. దుకాణంవాళ్లు వద్దన్నా వినకు.

మీ అక్క