పుతి, అప్పలనరసమ్మ, సాక్చి

రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ముకు పుట్టినప్పుడు పెట్టిన పేరు పుతి. సంతాలీ కుటుంబాలలో ఆడపిల్లకు అవ్వ పేరు, మగపిల్లవాడికి తాత పేరు పెట్టడం ఆచారం. మనిషి పోయినా పేరు పోదని ఆ ఆచారంలోని విశ్వాసం. వేరే జిల్లా నుంచి వచ్చిన ఉపాధ్యాయుడికి ఆ పేరు నచ్చక ద్రౌపది అని మార్చారనీ, ఆ కొత్త పేరు కూడా దుర్పది, దోర్పది అంటూ పలుమార్లు రూపం మార్చుకున్నదనీ ఆమే ఒక ఒడియా పత్రికకు చెప్పారు.

ఆమె స్వగ్రామం ఉపర్‌బేడా ఉన్న మయూర్‌భంజ్ జిల్లా జంషెడ్‌పూర్‌కు దక్షిణాన పొరుగునే ఉంది. 2015 నుంచి 2021 దాకా ఆమె ఝార్ఖండ్ గవర్నర్. ఈ కథ జంషెడ్‌పూర్‌లోని తెలుగువారికి కొత్తగా తోచదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి టాటా ఉక్కు కర్మాగారానికి వలస వచ్చిన కుటుంబాలు తమవెంట అప్పలనరసమ్మ వంటి పేర్లను తెచ్చుకున్నాయి. సింహాచలం అప్పన్న మీది భక్తి ఆ పేరులోనే ఉంది. మనవరాలికి నాయనమ్మ పేరు పెట్టడం వారికీ ఆనవాయితీయే.

అయితే కోడలు అత్తగారి పేరు నోట పలకరాదు. ఆ పేరుతో పిల్లను కసురుకోవడం అంతకన్నా తప్పు. అందుకే ఇంట్లో ఆ పిల్ల చిట్టి, బుజ్జి, అమ్మడు అయింది. కొందరిళ్లలో నరసమ్మగానో అప్పలమ్మగానో కుదించుకుపోయింది. ముద్దుపేరు వెనుక మురిపెమే కాదు, పెద్దావిడ మీది మర్యాద కూడా ఉంది. అసలు పేరు చెరగదు, దాచిపెట్టబడుతుంది.

బడి రిజిస్టరులో జరిగే మార్పు అలాంటిది కాదు. రాసేవాడికి నోరు తిరగకపోతేనో, మోటుగా తోస్తేనో పేరు మారుతుంది. ఉపాధ్యాయుడు సదుద్దేశంతోనే మార్చి ఉండవచ్చు. తర్వాత ఆ పేరుకు ఆమె తెచ్చిన గౌరవమూ కాదనలేనిది. అయినా మార్చే అధికారం ఎవరిదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. పాతకాలపు పేరని నవ్వేవారు ఆలోచించవలసిన విషయమిదే: ద్రౌపది మాత్రం కొత్త పేరా? మోటుతనం పేరులో లేదు, వినే చెవిలో ఉంది.

ఈ నగరానికీ అదే అనుభవం. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు; కాళీమాటి స్టేషను టాటానగర్ అయింది. అయినా సాక్చి బజారు పేరుగా, కాళీమాటి ఒక రోడ్డు పేరుగా బతికే ఉన్నాయి. ఊరికి రెండు పేర్లున్నా ఎవరూ అఫిడవిట్ అడగరు.

మనిషిని అడుగుతారు. రేషన్ కార్డులో అప్పలమ్మ, ఆధార్‌లో అప్పలనరసమ్మ, హిందీ గుమాస్తా రాసిన బ్యాంకు పుస్తకంలో మరొక రూపం ఉంటే, ఆ ముగ్గురూ ఒక్కరేనని నిరూపించుకునే భారం ఆ వృద్ధురాలిదే. పింఛను ఆగితే పస్తుండేదీ ఆమే. తప్పు రాసిన కలం ఎక్కడా సంజాయిషీ ఇచ్చుకోదు.

ప్రభుత్వం చేయవలసింది పెద్దదేమీ కాదు. దరఖాస్తులో మాతృభాషలో పేరు రాసుకునే చోటు, ఇంట్లో పిలిచే పేరుకు ఒక గడి, అక్షరభేదాన్ని సరిదిద్దే బాధ్యత కార్యాలయానిదేనన్న ఒక నియమం చాలు. పుతి పేరు మారిన కథను సాక్షాత్తు రాష్ట్రపతి చెప్పుకున్న దేశంలో, అప్పలనరసమ్మ తన పేరును తానే రుజువు చేసుకోవలసిన అగత్యం ఇంకా ఉండకూడదు.