పద్నాలుగు సెంట్ల తగాదా

సెంట్ల తగాదా అనగానే మా నూజివీడు వైపు ఎవరికైనా మామిడి తోట గట్టే గుర్తొస్తుంది. ఎవరో రాయి జరిపారని, సర్వేయరు వచ్చి కొలవాలని... అలాంటిదే అనుకునేరు. ఇది గిటారు గొడవ. ఫిర్యాదు మా అమ్మది, ముద్దాయిని నేను.

అమ్మకి 71 ఏళ్ళు. పెళ్ళికి ముందు వీణ నేర్చుకుంది. వేళ్ళ కణుపులు వాచిపోయి నాలుగేళ్ళ క్రితం వీణ పక్కన పెట్టేసింది. ఇక మిగిలింది పాటే. సాయంత్రం దీపం పెట్టాక ఫోన్లో తంబూరా పెట్టుకుని ఐదు శ్రుతిలో (గిటారు వాళ్ళ లెక్కలో జి) ఓ అరగంట పాడుకుంటుంది. వినేవాళ్ళు ఉన్నారా లేరా అన్నది ఆవిడకి పట్టదు.

పోయిన వేసవిలో చిన్న రసాల వంక పెట్టుకుని రెండు వారాలు ఇంటి నుంచే పని చేస్తానని చెప్పి హైదరాబాదు నుంచి దిగాను. ఇంజనీరింగు రోజుల నాటి గిటారు కూడా తెచ్చుకున్నాను. అమ్మ పాటకి నేను వాయిస్తే బాగుంటుంది కదా అని ఆశ. మామూలు ట్యూనింగులో ఐదు శ్రుతికి తంబూరాలా మోగించడం కష్టం. అందుకని ఓపెన్ జి పెట్టాను. లావు తీగ నుంచి సన్న తీగ దాకా డి, జి, డి, జి, బి, డి. మన భాషలో ప స ప స గ ప. ఏ మెట్టూ నొక్కకుండా ఊరికే మీటినా జి మేజర్ కార్డు పలుకుతుంది. ఇంతకన్నా సుఖం ఏముంది?

మొదటి రోజు అమ్మ శంకరాభరణం ఎత్తుకుంది. పల్లవి సగంలో ఆపేసింది.

"ఒరేయ్, ఏదో గీరుతోంది."

ట్యూనర్ చూశాను. ఆరు తీగలకీ పచ్చ లైటు. మళ్ళీ మొదలెట్టాం, మళ్ళీ అక్కడే ఆగింది. రెండో రోజూ అదే తంతు. నాకు విసుగొచ్చింది. "మీటరు తప్పు చెప్పదమ్మా" అన్నాను. అంతటితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. జనవరిలో విజయవాడలో అమ్మకి వినికిడి పరీక్ష చేయించాం. పై స్థాయి శబ్దాలు కొంచెం తగ్గాయి, వయసుకి మామూలే అన్నారు డాక్టరు గారు. ఆ రిపోర్టు గుర్తు చేశాను. ఫోన్లో ఉన్న ఫోటో కూడా తీసి చూపించాను.

అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు పాడలేదు. గొంతు బాగోలేదంది. ఆ మర్నాడు దీపం పెట్టేసి నేరుగా వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను లేనప్పుడు కూడా ఒక్క రోజు మానని మనిషి. నాలుగో రోజుకి గానీ నాకు బుర్రకెక్కలేదు, నేను చేసిన పనేంటో.

"నా మెషీన్లో బానే పనిచేస్తోంది" అని బగ్గు మూసేసే వాళ్ళని ఆఫీసులో నేనెంత తిట్టుకుంటానో! సరే, పాపం కడుక్కుందామని మొదటి నుంచీ వెతకడం మొదలుపెట్టాను.

దొరకాల్సినవి దొరికాయి. తీగలు రెండేళ్ళ నాటివి, తుప్పు పట్టాయి. ఓపెన్ జి కోసం ఆరో తీగ, ఐదో తీగ, ఒకటో తీగ రెండేసి మెట్లు కిందికి దించాలి. అంతమాత్రానికే బిగువు ఐదో వంతు తగ్గిపోతుంది. వదులైన తీగ కదా, మీటితే మెట్లకి తగిలి జీరబోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. తీగని మెట్టు మీద నొక్కినప్పుడు అది కాస్త సాగి స్వరం కొంచెం పైకి పోతుంది. బిగువు తక్కువున్న తీగకి ఆ పోవడం ఇంకా ఎక్కువ. అంటే ఖాళీ తీగ ట్యూనర్లో సరిగ్గా ఉన్నా నొక్కిన స్వరం ఎక్కువ చూపిస్తుంది. పైగా బిరడ దగ్గర వదులు చేసినా తీగ నట్టు గాడిలో ఇరుక్కుని, కాసేపయ్యాక టిక్కుమని జారుతోంది. గాడిలో పెన్సిల్ పొడి రాశాను. తీగని కావలసిన దానికన్నా కిందికి దించి, మళ్ళీ పైకి తెచ్చి ఆపడం అలవాటు చేసుకున్నాను. విజయవాడ వెళ్ళి కాస్త లావు సెట్టు తెచ్చి వేశాను. ఇవేవీ కొత్త సంగతులు కావు, గిటారు పట్టిన ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేవే.

బతిమాలితే అమ్మ వచ్చి కూర్చుంది. విని "ఇప్పుడు బానే ఉంది నాన్నా" అంది. ఆ "బానే" ఎలాంటిదో పిల్లలందరికీ తెలుసు. ఉప్పు తక్కువైన కూర తింటూ అనే "బానే".

ఆ వారమే వీణకి మేళం కట్టించే పని పడింది. పక్కింటి పాప నేర్చుకుంటానంటే అమ్మ తన వీణ ఇచ్చేస్తానంది. మా ఊరు మామిడికే కాదు, వీణలకీ పేరు. బొబ్బిలి వాళ్ళ ఏకాండి వీణకి వచ్చినంత పేరు రాలేదు గానీ, ఇక్కడా పనస చెక్కతో తరాలుగా చేస్తున్నారు. గిటారు మెట్లు చెక్కలోకి దిగ్గొట్టి ఉంటాయి, కదలవు. వీణకి అలా కాదు, 24 మెట్లనీ మైనం మీద కూర్చోబెడతారు. ఒక్కోటీ చెవితో విని, అటూ ఇటూ జరిపి స్థిరం చేస్తారు. ఏళ్ళు గడిస్తే అవి తప్పుతాయి, మళ్ళీ కట్టించాలి. (మే నెలలో కారులో వీణ వదిలేసి సినిమాకి వెళ్ళకండి. మా ఎండలకి మైనం నిలవదు.)

వీణతో పాటు గిటారు కూడా కారులో పడేశాను. వీణ చేసే పెద్దాయన పని ఆపి గిటారు ఒళ్ళోకి తీసుకున్నారు. నేను ట్యూనర్ తీయబోతే వద్దని చెయ్యి ఊపారు. "అమ్మగారూ, మీ షడ్జం ఒకసారి అనండి" అన్నారు. అమ్మ సన్నగా అంది. ఆయన తీగలు ఒక్కోటీ మీటారు. మూడో తీగ ఒక్కటీ మీటి చాలాసేపు విన్నారు. తర్వాత మూడూ రెండూ కలిపి మీటారు.

"బాబూ, ఖాళీ తీగకి గాంధారం ఎందుకు పెట్టావు? షడ్జంలోనే గాంధారం పలుకుతోంది కదా. మళ్ళీ ఇదొకటి దేనికి?"

రెండో తీగ బిరడని ఓ వెంట్రుకవాసి వెనక్కి తిప్పారు. ట్యూనర్లో ముల్లు ఎడమకి పోయింది, పచ్చ లైటు ఆరిపోయింది. అమ్మ మొహం మాత్రం వెలిగింది. "అదీ! ఇప్పుడు గీరట్లేదు."

ఇంటికొచ్చి లెక్క వేశాను. గిటారులో పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని వంద సెంట్లు అంటారు, మన ఎకరం లాగే. షడ్జం నుంచి అంతర గాంధారం నాలుగు మెట్లు, అంటే 400 సెంట్లు. ట్యూనర్ చూసేది ఇదే. కానీ తంబూరా షడ్జం తీగ మోగేటప్పుడు దాని ఐదో హార్మోనిక్‌గా అంతర గాంధారం దానంతటదే పుడుతుంది. మన వాళ్ళు దాన్ని స్వయంభూ గాంధారం అంటారు. దాని దూరం 386 సెంట్లు. తేడా 14. భూమిలో అయితే ఇల్లు కట్టి కొబ్బరి చెట్లు వేసుకోవచ్చు గానీ, స్వరంలో ఇంత తేడా విడిగా వింటే చాలామందికి తెలియను కూడా తెలియదు. రెండూ కలిసి మోగితేనే తగాదా. నా మూడో తీగ 196 హెర్ట్జ్, దాని ఐదో హార్మోనిక్ 980. బి తీగ 246.9 హెర్ట్జ్, దాని నాలుగో హార్మోనిక్ దాదాపు 988. రెంటికీ మధ్య సెకనుకి సుమారు 8 సార్లు శబ్దం పెరిగి తగ్గుతుంది. అమ్మ గీరుతోందన్నది దాన్నే.

రిపోర్టు సంగతి కూడా చెప్పాలి. వయసుతో ముందు తగ్గేది కొన్ని వేల హెర్ట్జ్ పైన వినికిడి. అమ్మకి వినపడిన గీర వెయ్యి లోపలే ఉంది. రిపోర్టులో తప్పేమీ లేదు. దాన్ని పట్టుకెళ్ళి అమ్మ మొహం ముందు పెట్టడమే...

పోనీ రెండో తీగని 14 సెంట్లు దించేసి వదిలేద్దామా అంటే ఇంకో బగ్గు. ఆ తీగ మీద మూడో మెట్టు నొక్కితే రావలసిన పంచమం కూడా అంతే దిగిపోతుంది, పక్కనున్న ఒకటో తీగతో కొట్లాట. గాంధారం సర్దితే పంచమం పోయింది. వీణ పక్క తీగలు మూడూ స ప స మాత్రమే. చిన్నప్పటి నుంచీ ఇంట్లో చూస్తూనే ఉన్నాను, ఎందుకలా అని ఒక్కసారీ అడగలేదు.

చివరికి రెండో తీగ పీకేసి, ఆ స్థానంలో ఇంకో ఒకటో తీగ వేసి డి కి పెట్టాను. సన్న తీగ కాబట్టి గాడి అరగదీసే పని లేకుండా సరిపోయింది. ఇప్పుడు ప స ప స ప ప. గిటారు శుద్ధంగా నేర్చుకున్న ఓ స్నేహితుడు ఇదేం ట్యూనింగురా అని నవ్వాడు. మన పాలకొల్లు శ్రీనివాస్ (1969–2014) మాండొలిన్‌లో జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలతో త్యాగరాజుని వాయించలేదా ఏంటి? ఆయనతో నాకు పోలిక కాదు, ధైర్యం కోసం చెప్పుకోవడం.

ఆ సాయంత్రం అమ్మ శంకరాభరణం పూర్తిగా పాడింది. అయ్యాక "నీ చెవే కరెక్టమ్మా" అన్నాను.

"నాకు తెలుసు" అంది. కాసేపాగి, "నువ్వా రిపోర్టు చూపించాక మాత్రం భయమేసింది రా. ఇన్నాళ్ళూ తప్పు పాడుతున్నానేమో, ఎవరూ చెప్పట్లేదేమో అని."

నాకేం మాట్లాడాలో తోచలేదు. గిటారు శ్రుతి సరిచూస్తున్నట్టు బిరడలు తిప్పుతూ కూర్చున్నాను.

"సరే గానీ, ఇప్పుడు హిందోళం పాడతా, పట్టు" అంది.

హిందోళంలో పంచమం లేదు. నా ఆరు తీగల్లో నాలుగు పంచమాలే.