మా రవ్వ గురక

మా యింటి కుక్క గురకను గూర్చి నాలుగు మాటలు వ్రాయబూనితిని. సోదరీమణులు నవ్వుదురేమో! రెండేండ్లపాటు నేనును నవ్వితిని. అట్లు నవ్వినందుననే ఇపుడు వ్రాయవలసి వచ్చినది.

మాది పరిటాల. బెజవాడనుండి హైదరాబాదు పోవు పెద్దరోడ్డుమీద, కంచికచర్లకును నందిగామకును ఇవతల నున్నది. 2022లో జిల్లాలను విడదీసినపుడు మా ఊరు ఎన్.టి.ఆర్. జిల్లాలో బడినది గాని, నోటి యలవాటున మేమింకను కృష్ణాజిల్లా మెట్టవారమనియే చెప్పుకొందుము. పూర్వము వజ్రములు దొరకిన ఊరని దీనికి ప్రఖ్యాతి. ఆ వజ్రములను మేమెవ్వరమును కన్నులజూచి యెరుగము. మేమెరిగినవి పత్తి, మిరప, రాతిక్వారీల దుమ్ము, వేసవి యెండ.

మా పెద్దవాడు హైదరాబాదులో నుద్యోగము చేయుచు ఒక పగ్ కుక్కపిల్లను కొనెను. ఆరు నెలలు తిరుగకముందే వానిని కంపెనీవారు విదేశమునకు బదిలీ చేసిరి. వాడు దానిని తెచ్చి నా యొడిలో బెట్టి, “అమ్మా, నీకు తోడుగా ఉంటుంది” అని చెప్పి విమానమెక్కెను. గోధుమరవ్వ వంటి యొంటి రంగు, మసిబూసినట్టి మొగము. వజ్రముల ఊరు గనుక రవ్వ యని పేరు పెట్టితిని, రెండర్థములును కుదిరినవి.

మా వీధిలో దానినెవ్వరును పగ్ అనరు. హచ్ కుక్క యందురు. 2003లో హచ్ అను సెల్‌ఫోను కంపెనీవారు ఒక చిన్న బాలుని వెంట వెంటనే నడచు ఈ జాతికుక్కను తమ ప్రకటనలో చూపిరి. ఆ యేడే మా ఊరిలో 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహము వెలసినది గనుక నాకు బాగుగా జ్ఞాపకము. 2007లో ఆ కంపెనీ చేతులు మారి, హచ్ అను పేరు పోయి వొడాఫోన్ వచ్చినది. పేరు పోయినను కుక్క మాత్రము మనదేశమున ఇంటింట నిలిచినది. చలిదేశముల మేడలలో పెరిగిన జాతిని మన మెట్టయెండలోనికి తెచ్చితిమని ఆనా డెవరికి తోచినది?

రవ్వకు ఉబుకు కన్నులు, మడతలు పడిన నుదురు, చట్టిముక్కు. నిద్రించినచో మా మామగారికి వలె గురక. పేరంటమునకు వచ్చిన వారెల్ల దాని చుట్టును గూర్చుండి వినెడివారు. “చూడండి, ఎంత ముద్దుగా గురక పెడుతోందో!” అని నేనే చూపెడిదానను. ఆ చప్పుడును ఫోనులో పట్టి మా వానికి పంపెడిదానను. నాలుగడుగులు నడచి రొప్పినచో, “బద్ధకము” అని నవ్వుకొనెడివారము. అన్నము తిన్న పిదప నురుగు కక్కినచో, “ఆత్రము” అనుకొనెడివారము.

రెండేండ్ల క్రిందటి వైశాఖమున ఒకనాడు ఆవకాయకు కాయలు కొట్టించుచుంటిని. ప్రొద్దుట పదకొండు గంటలకు కరెంటు పోయినది. వసారాలో నా ప్రక్కనే రవ్వ పండుకొని రొప్పుచుండెను. జీడి తీయుట, తుడుచుట, ఆవపిండి కొలుచుకొనుట – నా చేతులకు తీరిక లేదు. ఆ గుర్రుగుర్రు చప్పుడు ప్రతిదినము వినెడిదే గదా యని తలయెత్తి చూడనైన లేదు. ఒంటిగంట వేళకు చప్పుడు మారినది. రంపము కోసినట్లు లోని కొక కీచు. చూచునప్పటికి నాలుక ఊదారంగు తిరిగియున్నది. లేవబోయి కాళ్లు మడతపడి కూలినది.

ప్రక్కింటి పిన్నిగారు వడదెబ్బయని ఉల్లిపాయరసము తీసికొని పరుగెత్తి వచ్చిరి. మరియొకరు నోటిలో మజ్జిగ పోయబోయిరి. అదృష్టవశమున అప్పటికే మా చిన్నవాడు ఫోనులో పశువైద్యురాలిని పట్టుకొనెను. ఆమె చెప్పిన మాటలు నాకు నేటికిని కంఠస్థమే: నోటిలో ఏమియు పోయవద్దు, ఊపిరితిత్తులలోనికి పోవును, ఒడలంతయు, ముఖ్యముగా పొట్టక్రిందను, తొడలలోపలను, పాదములను చల్లని మామూలు నీటితో తడిపి విసరుడు, తడిగుడ్డ చుట్టబెట్టి విడువవద్దు, అది వేడిని లోపలనే పట్టియుంచును, తడుపుచునే బయలుదేరుడు. ఉల్లిపాయ కుక్కకు విషమనియు, దాని నెత్తురులోని యెర్రకణములను విరిచివేయుననియు తరువాత తెలిసికొంటిని. మనుష్యులకు మన పెద్దలు చెప్పిన మందు ఆనాడు దాని ప్రాణమునకు వచ్చియుండెడిది.

బెజవాడకు ముప్పది కిలోమీటర్ల లోపే. ఆ దూరము నా కంత పొడవుగా నెన్నడును తోచలేదు. ఒడిలో రవ్వ, కాళ్ల దగ్గర బకెట్టు, చేతిలో చెంబు. ఆసుపత్రిలో థర్మామీటరు 107 డిగ్రీలు చూపెను. కుక్కకు సాధారణముగా నుండవలసినది 101 మొదలు 102న్నర వరకు. రెండు దినములు సెలైను ఎక్కించి, ఆక్సిజను పెట్టి బ్రదికించిరి.

మూడవనాడు ఆ వైద్యురాలు, మా కోడలి యీడు పిల్ల, నన్నడిగినది: “అమ్మా, ఇది రోజూ గురక పెడుతుందా?”

“పెడుతుందమ్మా, ముద్దుగా,” అంటిని.

“అది ముద్దు కాదమ్మా. గాలి చాలక.”

నాకు మొగమున నీళ్లు చల్లినట్లైనది. తరువాత ఆమె నెమ్మదిగా విడమరచి చెప్పినది. కుక్కకు మనవలె ఒడలంతయు చెమట పట్టదు. పాదముల అడుగున మాత్రమే కొంచెము పట్టును. లోని వేడిని అది నాలుక మీదుగాను, ముక్కు లోపలి తడి పొరల మీదుగాను గాలి నాడించి పోగొట్టుకొనవలెను. రొప్పుట యనగా నదియే. ఈ జాతికి మొగపు ఎముక పొట్టియైనది గాని లోని కండ తగ్గలేదు. చిన్న సంచిలో పెద్ద బట్టలమూట కుక్కినట్లు ముక్కులోని పొరలు, నాలుక, అంగిలి వెనుకటి మెత్తని భాగము అన్నియు ఇరుకున బడి గాలిదారి కడ్డము వచ్చును. ముక్కురంధ్రములు చీలికలవలె నుండును. గాలి చాలక బలముగా లాగిన కొలది గొంతులోపల వాచును. వాచిన కొలది మరింత బలముగా లాగవలెను. ఆ శ్రమచేతనే ఒడలు మరింత వేడెక్కును. నేను కాయలు తుడుచుచుండగా నా ప్రక్కన రెండు గంటలు జరిగినది ఇది.

దానికి శస్త్రచికిత్స కలదనిరి. ముక్కురంధ్రములను వెడల్పు చేసి, అంగిలి వెనుక నధికముగా నున్న భాగమును కత్తిరింతురట. అయితే ఇట్టి కుక్కలకు మత్తుమందే యొక గండము. మత్తు దిగునప్పుడు గొంతుగొట్టము తీసిన వెంటనే ఊపిరాడకపోవచ్చును. ముందు బరువు తగ్గవలెననిరి. ఈ జాతి యాడకుక్క ఆరు మొదలు ఎనిమిది కిలోలుండదగును. మా రవ్వ పదకొండు. ముద్దపప్పు, నెయ్యి, గారెలు – అన్నియు నా చేతి చలువయే. మా వారు, “కుక్క ముక్కు కోయించుటకు బెజవాడ ప్రయాణమా!” అని మొదట కసరిరి. కాని చలికాలము వచ్చువరకు ప్రతిదినము తెల్లవారుజామున ఐదింటికి దానిని నడపించినవారు వారే. అత్తలేని కోడలికి పెట్టినట్లు నేను దొంగతనముగా పెట్టబోయినచో పట్టుకొని కేకలు వేసినవారును వారే. మార్గశిరమున శస్త్రచికిత్స జరిగినది. ఆ రాత్రి ఇంటిలో గురక లేదు. నాలుగుసార్లు లేచి, ముక్కు దగ్గర చేయి పెట్టి చూచుకొంటిని.

ఇంటిలో ఇట్టి కుక్క నున్నవారికి నేను నేర్చుకొన్న కొన్ని సంగతులు చెప్పెదను. మెడకు పట్టీ వేసి లాగరాదు; ఛాతీమీదుగా తగిలించు పట్టీ కొనవలెను. వేసవిలో తొమ్మిదికి పిదప సాయంత్రము వరకు బయటికి తీయరాదు. మేము కరెంటు పోయినపుడు తడి నాపరాయిపై పండుకొనబెట్టి విసనకఱ్ఱ పట్టుదుము. మొగపు మడతలను దినము విడిచి దినము తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తేమ లేకుండ అద్దవలెను. నేను శుక్రవారమున ఆ మడతలలో కుంకుమబొట్టు పెట్టి మురిసితిని. నెలలోపల అచట చర్మము ఒరసి పుండై వాసన కొట్టినది. ద్రాక్షపండు, వెల్లుల్లి, చాక్లెట్టు పెట్టరాదు.

కన్నుల సంగతి వేరుగా చెప్పవలెను. గుంట లోతు లేక కనుగ్రుడ్డు బయటి కుబికియుండుటచే, ముందు తగిలినది కంటికే తగులును. తక్కిన కుక్కలకు మూతి యడ్డము వచ్చును. ఒకనాడు దొడ్డిలో పత్తికట్టెల మోపు దగ్గర మూసిన కన్ను మరునాటికిని తెరువలేదు. గన్నవరము పశువైద్య కళాశాలకు తీసికొనిపోయితిమి. పసుపుపచ్చని మందుచుక్క వేసి నీలిదీపముతో చూడగా, నల్లగ్రుడ్డుపై గీరుకొన్నచోట పచ్చగా మెరసినది. ఒక్కదినము ఆలస్యమైనను కన్ను పోవచ్చుననిరి. నీరు కారుచున్నను, కన్ను చికిలించుచున్నను, ఇంటి చిట్కాలు చేయక అదే దినమున చూపుడు.

ఈ జాతి పుట్టుక చైనాలో. అచటినుండి డచ్చివారి దేశమునకును, పిదప ఇంగ్లండునకును పోయినది. విలియం హోగార్తు అను ఆంగ్ల చిత్రకారుడు 1745లో తన కుక్కతో గూడ తన బొమ్మను వేసికొనెను. మా వాడు ఆ బొమ్మను ఫోనులో చూపెను. అదియు పగ్గేనట, కాని దానికి ముక్కున్నది! ముక్కును పోగొట్టినది దేవుడు గాదు. పొట్టిమూతి పిల్లలే ముద్దుగా నున్నవని తరతరములుగ ఏరి ఏరి జతకట్టించిన మనుష్యులు. మిక్కిలి పొట్టిమూతి కుక్కలకు పిల్లలను పుట్టించుట తగదని నెదర్లాండ్సు ప్రభుత్వము 2019లో నిబంధనలు బిగించినది.

ఇది తెలిసిన తరువాతనే జగ్గయ్యపేటలోని మా ఆడపడుచుతో పేచీ వచ్చినది. ఆమెకొక మగ పగ్ కలదు. “ఒక్క ఈత కట్టిద్దాం వదినా. పిల్ల పదివేలకు తక్కువ పోదు. చెరిసగం” అన్నది. విదేశముననున్న కోడలును, “అత్తయ్యా, రవ్వ పిల్ల ఒక్కటైనా మనకుండాలి” అని ఫోనులో ముచ్చటపడినది. నా మనస్సును కొంత ఊగినదని దాచనేల? కాని పిల్లల తలలు పెద్దవై ఈతలో అడ్డుపడి, తరచు కడుపు కోసి తీయవలసి వచ్చునట. చదునైన దవడతో తల్లి మాయపొరను కొరికి తీయుటకును కష్టమే. బ్రదికిన పిల్లలకు మరల అదే ముక్కు. రవ్వకు సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించితిని. ఆడపడుచు దసరాకు రాలేదు, సంక్రాంతికిని రాలేదు. తన కుక్కకు వేరొక సంబంధము చూచుకొని, నాలుగు పిల్లలను అమ్మినదని విన్నాను.

గత మాసమున నందిగామలో ఒక కిరాణా దుకాణమునకు పోయితిని. బియ్యపు బస్తాల నడుమ ఒక చిన్న పగ్ నిద్రించుచుండెను. ఎక్కడిదని యడుగగా, జగ్గయ్యపేటనుండి తెచ్చితిననెను. “చూడండమ్మా, ఎంత ముద్దుగా గురక పెడుతోందో!” అని దుకాణదారు మురియుచు చూపెను. నేను బెల్లము సంగతి మరచి, అతనికి వేసవిజాగ్రత్తలు చెప్పి, వైద్యురాలి ఫోను నంబరు చీటీమీద వ్రాసి యిచ్చితిని. అతడు మర్యాదగా “అలాగేనమ్మా” అని చీటీని కాటా క్రింద బెట్టి, నా వెనుకనున్న వారికి కందిపప్పు తూచుటకు మొదలిడెను.