ముగ్గురు దేవుళ్లున్న ఇల్లు

రోమ్‌లో ఖరీదైన హోటళ్లకు పేరుపడ్డ వయా వెనెటోకు కూతవేటు దూరంలో, ఎత్తయిన ప్రహరీ వెనుక ఉంది విల్లా అరోరా. అందులో ఒక చిన్న గది. అక్కడ చూడాల్సింది గోడల వంక కాదు, తలెత్తి పైకప్పు వంక. సుమారు 2.75 మీటర్ల వెడల్పున్న చిత్రంలో గద్దతో జూపిటర్, సగం గుర్రం సగం చేప అయిన జంతువుతో నెప్ట్యూన్, మూడు తలల కుక్కతో ప్లూటో. కారవాజ్జో వేసినట్లు తెలిసిన పైకప్పు చిత్రం ఇదొక్కటే.

1597 ప్రాంతంలో దీన్ని వేయించుకున్నది కార్డినల్ ఫ్రాంచెస్కో మరియా దెల్ మోంతె. చర్చి పెద్ద ఇంట్లో అన్యదేవతలేమిటని ఆనాడు ఎవరూ అడగలేదు. రోమ్ సంపన్నులకు గ్రీకు, రోమన్ పురాణాలు పూజకు కాదు, పాండిత్యానికీ హోదాకూ గుర్తు. పైగా కార్డినల్‌కు రసవాదమంటే మోజు. గాలి, నీరు, నేల ఈ ముగ్గురి రూపంలో ఆయన ప్రయోగాల గది పైకెక్కాయి. తడి సున్నంపై రంగులద్దే పద్ధతిని కాదని కారవాజ్జో గచ్చుపైనే నూనె రంగులు వాడాడు. దేవుళ్లకు తన ముఖాన్నే నమూనాగా పెట్టుకున్నాడంటారు.

1621లో ఇల్లు లుడోవిసి కుటుంబానికి దక్కింది. అప్పుడే గ్వెర్చినో కింది హాలు పైకప్పున ఉషోదేవత అరోరా రథాన్ని చిత్రించాడు. ఇంటికి ఆమె పేరే స్థిరపడింది. మేడమీది ముగ్గురు దేవుళ్లనూ కళాచరిత్రకారులు గుర్తించింది మాత్రం 1960ల చివర్లోనే.

గోడకు తగిలించిన పటమైతే దింపి అమ్ముకోవచ్చు. పైకప్పును ఏం చేస్తారు? 2018లో ఇంటి యజమాని మరణించాక వారసుల తగాదా కోర్టుకెక్కింది. 2022 జనవరిలో వేలం వేసినప్పుడు నిపుణులు కట్టిన విలువ 47.1 కోట్ల యూరోలు. అందులో 31 కోట్లు ఆ ఒక్క చిత్రానివే. పాట పాడినవారే లేరు. ధర తగ్గించి మళ్లీ పిలిచినా అదే తీరు. కొన్నవారు బొమ్మను తరలించలేరు. అదే ధర చెల్లించి ఇల్లు తీసుకునే హక్కు ఇటలీ ప్రభుత్వానికి ఉంది.

యజమాని భార్య అక్కడ ఉన్నన్నాళ్లూ ముందుగా అడిగి వచ్చినవారికి ఇల్లు చూపేవారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశంపై ఆమెను ఖాళీ చేయించారు. అంత పాత ఇంటికి మరమ్మతులు తప్పవు. విలువ ఎన్ని కోట్లని లెక్కగట్టినా, కప్పు కారకుండా చూసుకునేవారు ఉంటేనే దానిమీది దేవుళ్లు నిలిచేది.