ముందు బండి, తోక బండి

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్న వారికి సెలవు రోజుల్లో ఒక్కొక్కప్పుడు ఒక వింత కనబడుతుంది. పది పన్నెండు మోటారుసైకిళ్ళు చీమలబారులాగా సాగిపోతూ ఉంటాయి. అవి ఒకదాని వెనుక ఒకటి పోతున్నా, ఒకే గీత మీద పోవు. ఒకటి కాస్త కుడికి ఉంటే దాని వెనకది కాస్త ఎడమకు ఉంటుంది. ఒకరిని దాటి ఒకరు పోవాలని ఎవరూ ప్రయత్నించరు. “అంత పెద్ద బండ్లు పెట్టుకుని వీళ్ళు ఇంత నెమ్మదిగా పోతారేం?” అని బస్సులోని పిల్లలు అడుగుతారు.

పిల్లలూ, ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ఆ బారుతోబాటు మనం కూడా భద్రాచలం దాకా పోవాలి. రండి, పోదాం.

వీరు మోటారుసైకిలు సంఘాల వారు. హైదరాబాదు, విజయవాడ, ఖమ్మం వంటి ఊళ్ళలో బ్యాంకు ఉద్యోగులు, ఇంజనీర్లు, దుకాణదార్లు, వైద్యులు ఇలా జట్లు కట్టి సెలవునాడు దూరప్రయాణాలు చేస్తారు. ఇది కొత్త సరదా ఏమీ కాదు. ఇంగ్లండులో 1901లోనే ఇటువంటి సంఘం పుట్టింది. మన దేశంలో 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ కంపెనీ బుల్లెట్ బండ్లు తయారుచెయ్యటం మొదలుపెట్టింది. మొదట సైన్యం కోసం వచ్చిన ఆ బండి డుగుడుగుమంటూ ఊళ్ళలోకీ వచ్చింది. పూర్వం బుల్లెట్ అంటే పోలీసు ఇన్‌స్పెక్టరు గుర్తుకు వచ్చేవాడు. ఇప్పుడు ఆడవారు కూడా నడుపుతున్నారు. 2011లో మొదలైన బైకర్నీ అనే మహిళా సంఘానికి హైదరాబాదులో కూడా శాఖ ఏర్పడింది.

ఖమ్మం నుంచి భద్రాచలానికి సుమారు 120 కిలోమీటర్లు. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ, సారపాక మీదుగా దారి. తెల్లవారగానే బయలుదేరుతారు. బయలుదేరే ముందు ఏమి చేస్తారనుకున్నారు? హాజరు తీసుకుంటారు! టైర్లలో గాలి, గొలుసు బిగువు, బ్రేకులు, పెట్రోలు అన్నీ చూసుకుంటారు. ఆ తరువాత ఎవరు ఎక్కడ ఉండాలో నిర్ణయిస్తారు. దారి తెలిసినవాడు ముందు బండి నడుపుతాడు. అతని వెనుకనే, అందరికంటె కొత్తవాడో, నెమ్మదిగా నడిపేవాడో ఉంటాడు. అందరికంటె గట్టి అనుభవం ఉన్నవాణ్ణి చిట్టచివర పెడతారు. అది తోక బండి. పంక్చరు సామాను, పానాలు, మందులపెట్టె అతని దగ్గరే ఉంటాయి.

“గట్టివాడు ముందుండాలి గాని చివర ఉండటమేమిటి?” అని మీకు తోచవచ్చు. విహారయాత్రకు పిల్లలను తీసుకుపోయిన ఏ మాష్టారు నడిగినా దీనికి జవాబు చెబుతాడు. ముందున్న వాళ్ళు ఎన్నడూ తప్పిపోరు. తప్పిపోయేదీ, అలసిపోయేదీ, చెప్పు తెగి కూచునేదీ వెనకవాళ్ళే. కొత్తవాడు ముందు బండి వెనకనే ఉంటే, ముఖ్యుడు అద్దంలో అతణ్ణి చూసుకుంటూ, అతనికి తగిన వేగంతోనే పోతాడు. అతణ్ణి చివర పెట్టి చూడండి. ముందువాళ్ళను అందుకోవాలని శక్తికి మించి తోలి, మలుపులో పడతాడు.

ఇప్పుడు ఆ వంకరబారు సంగతి చూద్దాం. బండి గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకోండి. అంటే సెకనుకు 15 మీటర్లు. ముందు ఏదైనా అడ్డం వచ్చిందని కన్ను చూసి, మనసు గ్రహించి, చెయ్యి బ్రేకు పట్టేలోగా సుమారు ఒక సెకను గడిచిపోతుంది. ఆ సెకనులో బండి ఒక తరగతి గది పొడవును మించి పోనేపోతుంది! బ్రేకు పని మొదలుపెట్టేది ఆ తరువాతనే. అందుచేత తన సూటిలో ఉన్న ముందు బండికీ తనకూ మధ్య కనీసం రెండు సెకన్ల ఎడం ఉండాలి. అంటే 30 మీటర్లు. పదిహేను బండ్లు ఒకే గీతమీద పోతే మధ్యన పద్నాలుగు ఎడాలు, మొత్తం 420 మీటర్లు. ఇంత పొడుగు బారును ఏ బస్సు దాటగలదు? బండ్లు కుడి ఎడమలుగా సర్దుకుంటే పక్కపక్క బండ్ల మధ్య ఒక్క సెకను చాలు. ఒకే వరసలో ఉన్నవాటి మధ్య రెండు సెకన్లూ అలాగే ఉంటాయి. బారు సగానికి తగ్గి 210 మీటర్లవుతుంది. అది కూడా ఎక్కువేనని, తెలివైన సంఘాలు అయిదారు బండ్లకొక జట్టు చేసి, మధ్య బస్సు పట్టేటంత ఖాళీ వదులుతాయి. మలుపులలోనూ, ఇరుకు దారిలోనూ మాత్రం ఒకే బారు.

వేగం గురించి ఇంకొక్క మాట. వేగం రెట్టింపయితే బ్రేకు పట్టిన తరువాత బండి ఆగటానికి కావలసిన దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. కుర్రవాళ్ళలో చాలామంది ఈ లెక్క పరీక్షలో సరిగా చేసి, రోడ్డుమీద మరిచిపోతారు.

నడిచేటప్పుడు మాటలు వినబడవు గనక సైగలు చేసుకుంటారు. సైగ ఎప్పుడూ ఎడమచేతితోనే. కుడిచేతిలో వేగం పెంచే పిడీ, ముందు బ్రేకూ ఉంటాయి, వాటిని వదలరాదు. ఎడమ అరచెయ్యి కిందికి ఊపితే నెమ్మదించమని. గుంట ఏ పక్కన ఉన్నదో ఆ పక్క కాలు చాచి చూపుతారు. ముందువాడు చూపగానే రెండవవాడు, అతణ్ణి చూసి మూడవవాడు, ఆ విధంగా తోక బండిదాకా కబురు క్షణంలో చేరిపోతుంది.

అదే కబురు వెనకనుంచి ముందుకు ఎలా పోతుంది? తోక బండి ఆగిపోయిందనుకోండి. ఇక్కడ ఒక చక్కని నియమం ఉన్నది. ప్రతివాడూ అద్దంలో తన వెనక బండిని చూసుకుంటూ ఉండాలి. అది కనబడకపోతే వేగం తగ్గించాలి, అప్పటికీ రాకపోతే ఆగాలి. అతడు ఆగితే అతని ముందువాడి అద్దం ఖాళీ అవుతుంది. వాడూ ఆగుతాడు. చివరకు ముఖ్యుడూ ఆగుతాడు. టెలిఫోనూ లేదు, కేకా లేదు!

తల్లాడలో దారి చీలుతుంది. ఒకటి సత్తుపల్లికి, ఒకటి కొత్తగూడేనికి. ఇటువంటి చీలిక దగ్గర ముఖ్యుని వెనక ఉన్నవాడు రోడ్డుపక్కన ఆగి, చెయ్యి చాచి దారి చూపుతూ నిలబడతాడు. తోక బండి వచ్చేదాకా కదలడు. తోక బండి కనబడగానే దానికి ముందు బారులో చేరతాడు. మళ్ళీ చీలిక వస్తే ఆ సమయానికి ముఖ్యుని వెనక ఉన్నవాడు నిలబడతాడు. ఎండలో నిలబడి ఇతరులకు దారి చూపే పని ఆ విధంగా అందరికీ వంతులవారీగా వస్తుంది.

ఈ నియమాలు నూరు కిలోమీటర్లకే గాదు. 2018 ఫిబ్రవరిలో హైదరాబాదు నుంచి జయభారతి నాయకత్వాన నలుగురు స్త్రీలు మోటారుసైకిళ్ళపై బయలుదేరి మయన్మారు, థాయిలాండు, లావోస్, కంబోడియా, వియత్నాం దేశాలలో తిరిగారు. సుమారు 17,000 కిలోమీటర్లు! ఆ నలుగురిలో ఒకరైన పియా బహదూర్ తరువాత ఆ యాత్రను పుస్తకంగా రాశారు. గోదావరి తీరపువారమైన మనకు మెకాంగ్ నది పేరు భూగోళంలో చదివిన పేరే. వారు దాని ఒడ్డుకు రోడ్డు మీదనే చేరారు. జయభారతి ఆడపిల్లలకు బండి నడపటం నేర్పే సంస్థను కూడా నడిపారు. నాకు యాత్రకంటె ఈ రెండవ పనే పెద్దదిగా తోస్తుంది.

జూలూరుపాడు దాటి కొత్తగూడెం వచ్చాం. ఇక్కడి రైలుస్టేషను పేరు చదివి కొత్తవాళ్ళు తికమకపడతారు. దాని పేరు భద్రాచలం రోడ్. దిగి “గుడి ఎక్కడ?” అని అడిగితే “ఇంకా 40 కిలోమీటర్లు” అంటారు! ఊరు సింగరేణి బొగ్గుగనుల కంపెనీకి ముఖ్యకేంద్రం. బొగ్గు లారీలు ఎక్కువ గనక బారు ఇక్కడ ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడవాలి. పాల్వంచలో ఆ బొగ్గుతో కరెంటు తయారవుతుంది. రామదాసుగా మనకు తెలిసిన కంచెర్ల గోపన్న 17వ శతాబ్దంలో ఈ పాల్వంచ ప్రాంతానికే తహసీల్దారుగా ఉండేవాడు. ఆయన స్వగ్రామం ఖమ్మం దగ్గరి నేలకొండపల్లి. అంటే మనం వస్తున్నది ఇంచుమించు ఆయన బ్రతుకుబాటే.

పాల్వంచ దాటాక అడవిగాలి తగులుతుంది. ఈ పక్కనే కిన్నెరసాని అభయారణ్యం. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, వెదురు. చుక్కల దుప్పులూ, ఎలుగుబంట్లూ, అడవిదున్నలూ ఆ అడవిలో ఉన్నాయి. కిన్నెరసాని జలాశయంలో మొసళ్ళు కూడా ఉన్నాయి. ఎండాకాలం మొదట్లో ఇప్పపూలు రాత్రివేళ రాలుతాయి. తెల్లవారకముందే కోయవారి ఆడవాళ్ళు బుట్టలతో ఏరటానికి వస్తారు. అప్పుడు బారు హారను మోగించకుండా, గొంతు తగ్గించుకుని పోవాలి. కొందరు బండి గొట్టంలోని శబ్దం తగ్గించే భాగాన్ని పీకేసి, ఆ చప్పుడే గొప్ప అనుకుంటారు. అటువంటివాణ్ణి మంచి సంఘాలు వెంటబెట్టుకోవు. అది చట్టవిరుద్ధం కూడా. కోతులకు అరటిపళ్ళు వెయ్యటం జాలి కాదు. వాటిని రోడ్డుమీదికి పిలిచి లారీ కింద పడవెయ్యటమే.

పంటల కాలంలో మరొక ప్రమాదం ఉంది. తారురోడ్డు మీదనే వడ్లూ, మొక్కజొన్నలూ ఆరబోస్తారు. మొక్కజొన్న గింజల మీద చక్రం ఎక్కితే గోలీల మీద కాలు వేసినట్లే! అక్కడ బ్రేకు గట్టిగా పట్టకుండా, బండి వంచకుండా, నిదానంగా దాటాలి. రైతును తిట్టే వాళ్ళున్నారు. ఆరబోసుకోవటానికి కళ్ళం ఉంటే రోడ్డు మీదికి ఎందుకు వస్తాడు?

కోయవారి భాష మన తెలుగు పుట్టిన ద్రావిడ కుటుంబంలోదే, గోండీకి దగ్గరిది. వారి గూడేలలోని బడులకు సంఘాలవారు పుస్తకాలూ, దుప్పట్లూ తీసుకుపోతూ ఉంటారు. మంచిదే. కాని ముందుగా ఆ బడి పంతులు నడగాలి. రెండవ తరగతి పిల్లలకు జామెట్రీ పెట్టెలు పంచి, ఫొటో తీసుకుని పోయినవారిని నేను చూచాను. ఆ వృత్తలేఖినులతో పిల్లలు ఆ సాయంత్రం చింతకాయలు గుచ్చుకుని తిన్నారు! అడిగి ఉంటే, బడికి కావలసింది బావి మోకు అని పంతులు చెప్పేవాడు. ఫొటో తీయబోయే ముందు వాళ్ళనూ అడగాలి. మన ఇంటి ముందు ఎవరో దిగి, చెప్పకుండా ఫొటో తీస్తే మనం ఊరుకుంటామా?

అడవిలో చాలాచోట్ల సెల్‌ఫోను పలకదు. ఎవరైనా పడితే మొదట సాయం చెయ్యవలసింది తోటివాళ్ళే. ఒకరు గాయపడినవాడి దగ్గర ఉంటారు. ఇద్దరు రోడ్డుకు రెండు వైపులా దూరంగా పోయి వచ్చే బండ్లను నెమ్మదింపజేస్తారు. ఒకరు ఫోను పలికేచోటికి పోయి 108కి చెబుతారు. మెడకు దెబ్బ తగిలి ఉండవచ్చు గనక అవసరం లేనిదే కదిలించరు. పడినవాడు తమవాడా, పరాయివాడా అని చూడరు. సాయపడినవారిని చిక్కుల్లో పెట్టకూడదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. గూడేలలోకి పెద్ద అంబులెన్సు పోలేదు గనక, 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన ప్రాంతాల్లో మోటారుసైకిలు అంబులెన్సులను ప్రవేశపెట్టింది. పెద్ద బండి ఆగేచోటుదాకా రోగిని తేవటం వాటి పని.

పెద్దలకొక మాట. గేర్ల బండి నడపటానికి 18 ఏళ్ళు నిండి లైసెన్సు ఉండాలి. పిల్లవాడికి బండి ఇచ్చి పంపితే, అదే చట్టం ప్రకారం 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళదాకా జైలు తల్లిదండ్రులకే పడవచ్చు. వెనక కూర్చునే పిల్లలకు కూడా నాలుగేళ్ళు దాటితే హెల్మెట్ ఉండాలి.

సారపాక దాటగానే గోదావరి! ఈ వంతెనను 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. అంతకు ముందు రాముణ్ణి చూడాలంటే పడవ ఎక్కవలసిందే. ఇప్పుడు పక్కనే రెండవ వంతెన కూడా ఉంది. నది 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986లో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు వంతెనమీద రాకపోకలే ఆపివేశారు. వానాకాలంలో బయలుదేరే ముందు ఈ అంకె తెలుసుకోవటం ముఖ్యుడి పని. వంతెనమీద ఫొటోలకు ఆగటం మాత్రం ఎవరి పనీ కాదు.

దర్శనం, భోజనం అయ్యాక, కొందరికి 35 కిలోమీటర్ల దూరాన ఉన్న పర్ణశాల కూడా చూడాలని ఉంటుంది. ముఖ్యుడు గడియారం చూసుకుంటాడు. పర్ణశాలకు పోయివస్తే ఖమ్మం దారిలో అడవి చీకట్లో దాటవలసి వస్తుంది. సందెవేళ పశువులు రోడ్డు మీదికి వస్తాయి, పగటి వేడి మిగిలిన తారుమీదికి పాములు చేరతాయి. చీకట్లో అడవిదున్న దీపపు వెలుగులోకి వచ్చేదాకా కనబడదు. “పర్ణశాల మరోసారి” అంటాడు. కొందరు సణుగుతారు. మూడు గంటలకు బారు వెనుదిరుగుతుంది.

ఖమ్మం చేరాక ఒక్కొక్కరే చెయ్యి ఊపి తమ వీధుల్లోకి తిరిగిపోతారు. ముఖ్యుడు మాత్రం పోడు. తోక బండి వచ్చి, తన వెనక ఎవరూ మిగలలేదని చెప్పిన తరువాతనే అతడు ఇంటికి పోతాడు.