తిరుత్తణి దారిలో గేరు

1960 ఏప్రిల్ 1వ తేదీ వరకు చిత్తూరు జిల్లాలో భాగమై, నేటికిని తెలుగు మాట చెవిని పడు తిరుత్తణి సీమలో, తిరువళ్ళూరు వైపు పోవు మట్టిబాటలపై కూరగాయల మూటలు మోయు పాత ఆటోల గేరు బిగుసుకొనుటకు, పలువురు తలంచునట్లు, ఎల్లప్పుడును గేరుపెట్టెయే కారణమై యుండదు. ఎడమచేతి పిడిలోనే క్లచ్చును గేరును ఇమిడియుండు ఈ బండిలో, పిడి త్రిప్పినంతనే రెండు కేబుళ్ళు, ఒకటి లాగగా మరియొకటి సడలుచు, వెనుకనున్న ఇంజను చెంత గేరును మార్చును. అంతదూరము పోవు తీగ ధూళిచేతను వాననీటిచేతను త్రుప్పుపట్టి, తొడుగులోపలనే పోగు వెంట పోగు తెగుచుండ, బిగువు చేతికి తెలియునే గాని హేతువు కంటికి కానరాదు.

కావున ఇంజను ఆపి, కేబుళ్ళను గేరుపెట్టె చెంత విడదీసి, బండిని కొంచెము ముందువెనుకలకు ఊపుచు, అచటి లీవరును చేతితో కదల్పవలెను. సులువుగా కదలినచో దోషము కేబుళ్ళదే. ఇంజను ఆగియున్నప్పుడు మెత్తగా పడు గేరు, నడచునప్పుడు మాత్రము గరగరమని మొరాయించినచో, క్లచ్చు పూర్తిగా విడుటలేదని గ్రహింపవలెను. తరచుగా దాని కేబులు వదులగుటయే అందులకు మూలము.

కేబులుకగు వ్యయము స్వల్పము. పెట్టె విప్పించినచో దినముల సంపాదన పోవును. బాడుగ బండ్లు నడపు అన్నలు ఈ పరీక్ష చేయకయే అందులకు ఒప్పుకొనుట చూచినప్పుడెల్ల నాకు మనసు నొచ్చును. 365 మెట్ల సుబ్రహ్మణ్యస్వామి కొండకు ఘాటురోడ్డున బండి నెక్కించుటకు ముందు, అన్నలారా, తీగకు నూనె పట్టించి, క్లచ్చు పిడికి రవంత ఆట యుంచి, ఇంజను నూనె మార్చి యెంతకాలమైనదో చూచుకొనుడు.