బందరులో ఇరానీ వర్తకుల జాడ

వడమాలపేట నుండి బయలుదేరిన మేము మచిలీపట్నం చేరేసరికి పొద్దు వాలింది. జనం నోట ఈ ఊరు బందరే. ఫార్సీలో బందర్ అంటే రేవు.

పదిహేడవ శతాబ్దిలో గోల్కొండ సుల్తానుల అండతో ఇరాన్ వర్తకులు ఇక్కడ స్థిరపడ్డారు. కలంకారీ వస్త్రాలను ఓడలకెత్తి బందర్ అబ్బాస్ రేవుకు పంపేవారు. అర్దిస్తాన్ నుండి వచ్చిన మీర్ ముహమ్మద్ సయీద్ వజ్రాల వ్యాపారంలో ఆరితేరి, ఈ రేవుకే అధికారియై, ఆపై మీర్ జుమ్లాగా పేరుపొందాడు. 1642లో మొదలైన కర్ణాటక దండయాత్రను నడిపినది ఆయనే. 1646లో మా పొరుగున ఉన్న చంద్రగిరి గోల్కొండ వశమైంది. ఈ రేవు వర్తకుని ప్రతాపం మా సీమ దాకా వచ్చిందన్నమాట!

1687లో గోల్కొండ పతనమైంది. వర్తకుల ఆసరా పోయింది.

వలందపాలెం, పరాసుపేట అన్న పేర్లలో డచ్చివారు, ఫ్రెంచివారు నిలిచారు. డచ్చి సమాధులకు ప్రభుత్వ రక్షణ కూడా ఉంది. ఇరానీల గోరీలు ఎక్కడున్నాయని ఒక పెద్దాయనకు సలాము చేసి అడిగాము.

"ఉప్పెన తరువాత ఎన్నో గుర్తులు పోయాయి బాబూ" అన్నారాయన.

1864 నవంబరు 1 నాటి ఆ ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారు. మగ్రిబ్ నమాజు ముగించుకొని, ఆ పరదేశీయుల కొరకు, ఉప్పెన మృతుల కొరకు దుఆ చేసి బస్సెక్కాము.